పందొమ్మిదో పేజీ

జూన్ 8, 2025, ఆదివారం

రెండో క్లాసు అయింది. పన్నెండుమందిలో పదకొండుమంది వచ్చారు. రిటైరై నాలుగేళ్ళయినా టెక్కలి హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పిన గొంతు ఇంకా పోలేదు. వెనక వరసలో ఫోన్ చూసుకుంటున్న పెద్దమనిషి నా గొంతు వినగానే ఫోన్ జేబులో పెట్టేశాడు. ఆయనకి నా ఈడే ఉంటుంది. భలే సంతోషమేసింది.

‘తోడు’ అని పేరు పెట్టారు సంస్థవాళ్ళు. డయాలసిస్‌కి తిరిగే మనిషి ఉన్న ఇల్లు ఒక్కో వాలంటీరుకి ఒక్కటి. ఏడాదిపాటు ఆ ఇంటిని అంటిపెట్టుకుని ఉండాలి. ఆస్పత్రికి వెంట వెళ్ళాలి, పింఛను కాగితాలు చూడాలి, పిల్లలు బడి మానకుండా చూడాలి. ఇదంతా ఐదు ఆదివారాల్లో నేర్పమని నన్ను బతిమాలారు.

బతిమాలలేదు. సంజయ్ ఒక్కసారి ఫోన్ చేశాడు, నేను అప్పటికప్పుడే ఒప్పేసుకున్నాను. సంజయ్ ఆ సంస్థకి ఇక్కడి కోఆర్డినేటర్. తొమ్మిదీ పదీ నా దగ్గరే చదివాడు. ఇప్పటికీ నా ముందు కుర్చీలో సగమే కూర్చుంటాడు.

క్లాసు మన చర్చి వెనక హాల్లోనే. పదకొండుమందిలో డిగ్రీ చదివినవాళ్ళు నలుగురు. వాళ్ళలో హిమజ చురుకైన పిల్ల, ప్రతి మాటా రాసుకుంటుంది. దయమ్మ కూడా వచ్చింది. ఈవిడ ఎందుకొచ్చిందో తెలీదు. మన సంఘమే, వెనక బల్ల మీద కూర్చుంటుంది. జీడిపప్పు బట్టీలో పొట్టు తీస్తుంది. ఏడో తరగతి. ఇన్నేళ్ళలో ఆవిడతో నేను వందనాలు తప్ప ఇంకో మాట మాట్లాడలేదని ఇవాళే గుర్తొచ్చింది. రెండు వారాల్లో మానేస్తుంది, చూడాలి.


జూన్ 9

దయమ్మ ఫారం మీద ‘ఎందుకు చేరుతున్నారు’ అన్నచోట ఖాళీ వదిలేసింది. మిగతావాళ్ళంతా పేజీలు నింపారు.


జూన్ 15, ఆదివారం

ఇవాళ నటన పెట్టాను. బల్లే మంచం, నేను రోగిని, డయాలసిస్‌కి రానని మొండికేస్తాను. వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నన్ను ఒప్పించాలి. ముప్ఫై ఆరేళ్ళు పిల్లల మొండితనం చూసినదాన్ని, మొండితనంలో నాకు సాటి ఎవరు? హిమజ మంచం పక్కన నిలబడి మూత్రపిండాల పనితీరు మొత్తం చెప్పింది. నేను చెప్పిన పాఠమే నాకు అప్పజెప్పింది. రానన్నాను. ఇంకొకాయన పిల్లల మొహం చూడమన్నాడు. రానన్నాను.

దయమ్మ వంతు వచ్చింది. వచ్చి నా పక్కన కింద కూర్చుంది. ఏమీ మాట్లాడలేదు. నిమిషం, రెండు నిమిషాలు. వెనక ఎవరో నవ్వారు. నేనే ఉండబట్టలేక “నేను రాను” అన్నాను.

“రాకపోతే మానీ. నానూ ఇక్కడే కూకుంతాను. నాకేటి తొందర” అంది.

 తర్వాత కాళ్ళు చాపుకుని, బట్టీలో నిలబడ్డా కూర్చున్నా నడుము ఎలా పట్టేస్తుందో చెప్పుకొచ్చింది, నా కోసమని కాదు, ఊరికే. నాకు తెలియకుండానే “బస్సు ఎన్నింటికి?” అని అడిగేశాను. హాలంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను. నవ్వాను గానీ ఆవిడ నన్ను ఓడించింది, అబద్ధమెందుకు.

క్లాసయ్యాక ఎక్కడ నేర్చుకున్నావని అడిగాను.

“నేర్సుకోడానికేటుంది టీచరమ్మా. మా బట్టీలోకి కొత్తమనిసి వొత్తే ఇంతే. పక్కన కూకోబెట్టుకుంతాం. మూడ్రోజులు ఏటీ సెప్పం. నాలుగో రోజు ఆలే అడుగుతారు.”

బీఈడీలో ఇది ఎవరూ చెప్పలేదు నాకు.


జూన్ 22, ఆదివారం

సంజయ్ ఇచ్చిన పుస్తకం నలభై పేజీలు. పదకొండో పేజీలో ఒక రూలుంది: రోగి ఇంటికి ఏమీ తీసుకెళ్ళకూడదు. పండ్లు, తినుబండారాలు, ఏవీ. చదవగానే దయమ్మ లేచింది.

“రోగిస్టి ఇంటికి మొదటిసారి ఒట్టి సేతుల్తో ఎలాగెల్తామండి?”

అందరూ ఆవిడ వైపే. నాకూ నిజమే అనిపించింది. పుస్తకం రాసినవాళ్ళు మా ఉద్దానం పల్లెల మొహం చూసి ఉండరు. ఇక్కడ ఒట్టి చేతులతో వెళ్తే మంచినీళ్ళిస్తారేమోగాని మాట కలపరు. పుస్తకం మూసేసి చెప్పాను: “డబ్బులివ్వకండి. మీ పెరట్లో కాసింది ఏదైనా పట్టుకెళ్ళండి. ఎవరైనా అడిగితే హెలెన్ టీచర్ చెప్పిందనండి.” చప్పట్లు కొట్టారు. సంజయ్ ఉండుంటే వాడి మొహం చూడాల్సింది.

ఆ చర్చలో టైమయిపోయింది. పందొమ్మిదో పేజీ మిగిలింది, రోగి ఏం తినాలి, ఏం తినకూడదు. అందరికీ తెలిసిందేలే. వచ్చే వారం చదివేస్తాను.


జూన్ 29, ఆదివారం

ఆఖరి క్లాసు. ముఖ్య అతిథి గంటన్నర మాట్లాడారు. సర్టిఫికెట్లు, గ్రూపు ఫోటో. నాకు శాలువా కప్పారు. దయమ్మ ఫోటోలో చివర నిలబడింది, నేనే చెయ్యి పట్టుకుని నా పక్కకి లాగాను. శిక్షణ పూర్తి.


జూలై 1, మంగళవారం

ఇళ్ళు పంచారు. దయమ్మకి వచ్చింది కూర్మారావు. కవిటి అవతల ఊరు, నలభై ఆరేళ్ళు. కొబ్బరి చెట్లెక్కి దింపు తీసే మనిషి, రెండేళ్ళుగా చెట్టెక్కలేదు. మంగళ, గురు, శనివారాలు పలాస వచ్చి డయాలసిస్ చేయించుకోవాలి. మూడుసార్లకి ఒకసారి వస్తున్నాడు. భార్య మహాలక్ష్మి తోట పనికి పోతే గాని ఇల్లు గడవదు, వెంట రాలేదు. అక్కడి డాక్టరు సంజయ్‌తో చెప్పాడట, ఇలాగే ఎగ్గొడితే ఈ ఏడాది దాటడని.

ఆ కేసు హిమజకి ఇద్దామన్నాడు సంజయ్. నేనే దయమ్మకి ఇమ్మన్నాను.


జూలై 12, శనివారం

ఐదుకి ఐదు వచ్చాడు కూర్మారావు. నమ్మలేక నేనే వెళ్ళి చూసొచ్చాను.

ఆవిడ తెల్లారకముందే బట్టీకి పోతుందట. ఎనిమిదిన్నరకి పని ఆపి పక్కనే కాశీబుగ్గ బస్టాండుకి వస్తుంది. కంచిలి మీదుగా వచ్చే బస్సు దిగగానే ఆయన చేతిలో సంచీ తీసుకుంటుంది. సెంటర్ దాకా నడిపించి, ఆయన లోపలికి వెళ్తే బయట బల్ల మీద కూర్చుంటుంది, నాలుగు గంటలు. మళ్ళీ బస్సెక్కించి బట్టీకి పోయి చీకటి పడేదాకా పొట్టు తీస్తుంది. నేను వెళ్ళేసరికి బల్ల మీద ఒక్కతే ఉంది. లోపల పడుకున్న మనిషికి అద్దంలోంచి కనబడేచోట కూర్చుంది.

“ఆయనతో ఏం మాట్లాడతావు?” అన్నాను.

“నానేటి మాటాడతాను, ఆయనే మాటాడతాడు. తిత్లీ తుపానుకి పద్దెనిమిది సెట్లు పోనాయంట. ఒక్కోటీ ఎలాటిదో, ఎన్ని కాయలు కాసేదో సెప్తన్నాడు. ఇంకా ఏడు సెట్లున్నాయి సెప్పడానికి. అవి అయ్యేదాకా వొత్తాడులెండి.”

ఇంటికొచ్చి కూర్చుని ఆలోచించాను. నాకు అలా కూర్చోవడం రాదు. వచ్చినట్టు నలుగురికీ నేర్పాను. ఇంకో మనిషి గురించి ఇంత గౌరవంగా ఈ మధ్య ఎప్పుడు అనుకున్నానో గుర్తులేదు. దాని కింద కొంచెం అసూయ కూడా ఉంది, ఉండనీ.


జూలై 20, ఆదివారం

ఆరాధనయ్యాక గుమ్మం దగ్గర పాస్టర్‌గారు నా క్లాసుల గురించి ఊరి పెద్దలిద్దరికి చెప్తున్నారు. మధ్యలో దయమ్మ వచ్చి చీర కొంగు సర్దుకుంటూ నిలబడింది.

“టీచరమ్మా, రేపు కూర్మారావు ఆలింటికి రమ్మన్నాడు. జలంత్రకోట ఎల్లి మా అమ్మోలింట్లో నాలుగు కొబ్బరి బొండాలు దింపించి పట్టుకెల్తాను. మంచిదే కదండి?”

మంచిదన్నాను. ముఖం ఎంత వెలిగిపోయిందో. పాస్టర్‌గారికి ఆవిణ్ణి చూపించి, ఈవిడ నా శిష్యురాలే అని చెప్పాను.


జూలై 22, మంగళవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

నిన్న మధ్యాహ్నం కూర్మారావు రెండు బొండాలు తాగాడు. మహాలక్ష్మి ఇంట్లో లేదు, తోటలో ఉంది. దయమ్మ కొట్టించి చేతికిచ్చింది, ఆయన తాగాడు. ఒంటికి చలవ అనుకుంది. ఈ ఊళ్ళల్లో అందరూ అనుకునేదే. మామూలు మనిషికి చలవే. కిడ్నీలు పోయినవాడికి అందులోని పొటాషియం బయటికి పోయే దారి లేదు, గుండెకి పోతుంది. అందులోనూ సోమవారం, శనివారం తర్వాత డయాలసిస్ లేకుండా రెండో రోజు. తొమ్మిదో తరగతి పిల్లలకి కూడా చెప్పగలను నేను ఇది.

పొద్దున్న కాళ్ళు లేవలేదట. మాట ముద్దగా వచ్చిందట. అంబులెన్సులో పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. వాళ్ళు దారిలో ఉండగానే, ఆయన బస్సులో దిగలేదని దయమ్మ మహాలక్ష్మికి ఫోన్ చేసింది. సంగతి వినగానే దయమ్మ అన్న మొదటి మాట, నిన్న నేనిచ్చిన బొండాలు తాగాడు, దానివల్లేమో డాక్టరుకి చెప్పు, అని. తర్వాత దొరికిన బండెక్కి తనూ పోయింది. క్యాజువాలిటీలో అందరి ముందూ నిలబడి చెప్పిందట, “రెండు బొండాలండి, నానే ఇచ్చినాను, నిన్న మూడు గంటలకి.” సంగతి వెంటనే తెలిసింది కాబట్టి మందు వెంటనే పడింది, లేకపోతే గుండె ఆగిపోయేదని డ్యూటీ డాక్టరు సంజయ్‌తో అన్నాడు.

బతికాడు. ఇంకా ప్రమాదం పోలేదు.

తన పేరు దాచుకుని ఊరుకున్నా ఎవరికీ తెలిసేది కాదు. మహాలక్ష్మికి బొండాల సంగతే తెలీదు.


జూలై 23

కూర్మారావు కోలుకుంటున్నాడు. దేవునికి స్తోత్రం.

కానీ దయమ్మకి బొండాలు పట్టుకెళ్ళమని ఎవరు చెప్పారు? పదకొండో పేజీలో స్పష్టంగా ఉంది కదా.


జూలై 24

ఆహారం సంగతి క్లాసులో చెప్పాను. జూన్ 29న అనుకుంటా. గెస్టు రాకముందు. చెప్పే ఉంటాను.


జూలై 25, శుక్రవారం

హాల్లో మీటింగు. సంజయ్ టెక్కలి నుంచి వచ్చాడు. వాలంటీర్లందరూ ఉన్నారు. వాడు పాపం కాగితం చూసి చదువుతున్నట్టే మాట్లాడాడు. పై ఆఫీసు వాళ్ళు అడుగుతున్నారట, ఎక్కడ పొరపాటు జరిగిందని.

“మేడమ్, ఆహారం గురించి క్లాసులో చెప్పారు కదా?”

“చెప్పాను.”

వాడు రాసుకున్నాడు. ఇంకో ప్రశ్న లేదు. టీచర్ చెప్పానంటే చెప్పినట్టే వాడికి. హిమజ తన నోట్సు తిరగేస్తోంది, అటూ ఇటూ, రెండుసార్లు. తలెత్తి నా వైపు చూసి పుస్తకం మూసేసింది.

“దయమ్మగారూ, మరి బొండాలు ఎవరు పట్టుకెళ్ళమన్నారండి?”

ఆవిడ నా వైపు చూసింది. కోపం లేదు, బతిమాలడం లేదు. క్లాసులో నా పక్కన కింద కూర్చున్నప్పుడు ఎలా చూసిందో అలాగే.  మిగతావాళ్ళంతా తలలు దించుకున్నారు.

“ఇచ్చింది నానే బాబూ” అంది.

జాబితాలోంచి పేరు తీసేశారు. గుర్తింపు కార్డు మెళ్ళోంచి తీసి, దాని దారం చుట్టి బల్ల మీద పెట్టి వెళ్ళింది. కూర్మారావు ఇల్లు హిమజకి ఇచ్చారు.

రూలు రూలే. అందరి మంచికే. మీటింగు సజావుగా ముగిసింది.


జూలై 26

రాయడానికేమీ లేదు.


జూలై 27, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. మోకాళ్ళు నొప్పి.


జూలై 30

కూర్మారావుని ఇవాళ డయాలసిస్ చేసి ఇంటికి పంపారు. శనివారం నుంచి మళ్ళీ పలాస రావాలి. హిమజ తెలివైన పిల్ల. బాగా చూసుకుంటుంది.


ఆగస్టు 2, శనివారం

రాలేదు. హిమజ బస్టాండులో మూడు బస్సులు చూసింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆ పిల్ల ఊరుకోకుండా బస్సెక్కి కవిటి దాకా పోయి, అక్కణ్ణుంచి ఆటోలో వాళ్ళూరు వెళ్ళింది. తిరిగొచ్చి నేరుగా నా దగ్గరికే వచ్చింది. మంచినీళ్ళిచ్చినా తాగలేదు.

ఆయన అరుగు మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడట. పాదాలు అప్పుడే వాచాయి. మహాలక్ష్మి ఏడుస్తూ చెప్పిందట: “ఆ వొదినిని తీసీసినారంట కదమ్మా. ఈయన తాగితే మాట ఆవిడకొచ్చినాది. ఏ మొకం పెట్టుకుని ఆ బస్టాండులో దిగుతాను అంతన్నాడు. రెండేళ్ళనుంచి ఆశ పడీవాడు బొండానికి. తాగకూడదని తెలుసు ఈయనకి. ఆవిడ ప్రేమగా తెచ్చింది, వొద్దన్లేకపోనాను, నాక్కూడా కావాలనిపించింది అని నాతో ఒప్పుకున్నాడు.”

మంగళవారం కూడా రాకపోతే వారం కావస్తుంది. అప్పుడు ఎవరూ చేయగలిగేదేమీ ఉండదని సెంటర్లో నర్సు హిమజతో అంది.

హిమజ వెళ్తూ గుమ్మంలో ఆగింది. “మేడమ్, నా నోట్సులో పందొమ్మిదో పేజీ లేదు. మీరు చెప్పిన ప్రతి మాటా రాశాను నేను.”




ఆగస్టు 3, ఆదివారం

ఈ డైరీ వెనక్కి తిప్పాను. జూన్ 22. జూలై 20. నా చేతిరాతే. ‘మంచిదన్నాను’ అని రాసి ఉంది. పక్క పేజీలోనే పాస్టర్‌గారి మెప్పు.

ముప్ఫై ఆరేళ్ళు కాపీ కొట్టిన పిల్లల్ని బెంచీ ఎక్కించాను. అబద్ధం చెప్తే సహించేదాన్ని కాదు. అందుకే కదా సంజయ్ ఇంకో ప్రశ్న అడగలేదు. ఆ మనిషి అరుగు మీద గోడకి తిరిగి చచ్చిపోతుంటే, మోకాళ్ళు నొప్పని రాసుకుని కూర్చున్నాను నేను. సిగ్గేస్తోంది. ఇంత వయసొచ్చాక సిగ్గు ఇంత గట్టిగా ఉంటుందనుకోలేదు.


ఆగస్టు 4, సోమవారం

పొద్దున్నే బట్టీకి వెళ్ళాను. ఇన్నేళ్ళు పలాసలో ఉండి బట్టీ లోపలికి వెళ్ళడం ఇదే మొదటిసారి. పొడుగాటి షెడ్డు, వరసగా ఆడవాళ్ళు, ప్రతి ఒక్కరి ముందు పప్పు పోసిన పళ్ళెం. నన్ను చూసి ఇద్దరు ముగ్గురు లేవబోయారు. దయమ్మ లేవలేదు, పక్కకి జరిగి చోటిచ్చింది. కూర్చున్నాను. ఆవిడ వేళ్ళు ఆగలేదు. పొట్టు ఊడి, విరక్కుండా గుండు గుండుగా పప్పు పళ్ళెంలో పడుతూనే ఉంది.

చాలాసేపు ఊరుకుంది. నాకు తెలుసు ఆ పద్ధతి, అయినా ఓడిపోయాను.

“ఆ రోజు మీటింగులో నా పేరెందుకు చెప్పలేదు?”

“మీరే సెప్తారని సూసినాను టీచరమ్మా.”

“నువ్వు చెప్పుండొచ్చు. నేను నిన్ను ఆపలేను కదా.”

“ఇక్కడ గుండు ఇరిగి బద్దయిపోతే ఇరగ్గొట్టినోలే మేస్త్రికి సెప్పాల. పక్కోలు సెప్తే అది సాడీ. అలాగ సెప్పినోలని మేం దగ్గిర కూకోనివ్వం.” పళ్ళెంలోంచి ఒక పప్పు తీసి వేళ్ళ మధ్య తిప్పింది. “మీరు మంచిదన్నారు, నిజిమే. దింపించి సేతికిచ్చింది నాను. నా బద్ద నాను సెప్పీసినాను. మీది మీకాడే ఉంది.”

ఇందులో కోపం ఉంటే తట్టుకునేదాన్ని. లేదు. కొత్తగా వచ్చినవాళ్ళకి పని చెప్పినట్టే చెప్పింది.

కూర్మారావు శనివారం రాలేదని, ఎందుకు రాలేదో కూడా చెప్పాను. అప్పుడు ఆగాయి వేళ్ళు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కొంగుతో తుడుచుకుని, “మరి మీరిక్కడ కూకున్నారేటి” అంది.

బట్టీ గుమ్మంలో నిలబడే సంజయ్‌కి ఫోన్ చేశాను. జూన్ 22న ఏం చెప్పానో, పందొమ్మిదో పేజీ ఎలా వదిలేశానో, జూలై 20న గుమ్మం దగ్గర ఏమన్నానో చెప్పాను. మీటింగులో అబద్ధం చెప్పాననీ చెప్పాను. 

“మేడమ్, ఇది మీరు రాసివ్వాలి” అన్నాడు.  “క్లాసులు ఇంక మీచేత చెప్పించలేనండి.”

“చెప్పించొద్దు. దయమ్మని వెనక్కి తీసుకో. ఇవాళే. నన్ను మామూలు వాలంటీరుగా రాసుకో.”

“మధ్యలో చేరినవాళ్ళు నెలరోజులు పాత వాలంటీరు వెంట తిరగాలండి, రూలు.”

“రూలు నాకు తెలుసు. పుస్తకం మొత్తం ఈసారి చదువుతాను.”

తర్వాత వాలంటీర్ల వాట్సాప్ గ్రూపులో చెప్పాలి. టైపు చేయడం కంటే గొంతుతో చెప్పడం న్యాయమనిపించింది. మొదటిసారి రికార్డు చేస్తే నాలుగు నిమిషాలొచ్చింది. అందులో సగం, టైము ఎంత తక్కువో, అతిథి ఎంతసేపు మాట్లాడారో. చెరిపేశాను. రెండోసారి ఏడుపొచ్చింది, అది విని నన్నే ఓదారుస్తారని చెరిపేశాను. మూడోదీ నాలుగోదీ ప్రసంగాల్లా ఉన్నాయి. ఐదోసారి పదకొండు సెకన్లు వచ్చింది. “బొండాలు పట్టుకెళ్ళమన్నది నేను. తినకూడనివి ఏమిటో మీకు చెప్పనిది నేను. చెప్పానని అబద్ధమాడాను. దయమ్మ తప్పు లేదు.” అదే పంపాను.

హిమజ దాన్ని మహాలక్ష్మి ఫోనుకి పంపిందట. దయమ్మ కూడా కూర్మారావుతో మాట్లాడిందట. ఏమన్నాడని అడిగితే, “ఊఁ అన్నాడు” అంది. ఊఁ అంటే వస్తాడనో రాడనో ఆవిడకీ తెలీదు.


ఆగస్టు 5, మంగళవారం

ఎనిమిదిన్నరకే కాశీబుగ్గ బస్టాండుకి వెళ్ళాను. దయమ్మ అప్పటికే ఉంది, సంజయ్ వెనక్కిచ్చిన కార్డు మెళ్ళో వేసుకుని.  మొదటి బస్సు వచ్చింది, దిగలేదు. రెండో బస్సు వచ్చింది, కాలేజీ పిల్లలు దిగారు, చేపల బుట్టలు దిగాయి, ఇంకెవరూ లేరు. నేను ప్రార్థన చేశాను. మాటలు కూడా సరిగా రాలేదు ప్రార్థనకి.

మూడో బస్సు. అందరూ దిగాక మహాలక్ష్మి దిగింది, పని మానుకుని వచ్చింది. వెనక కడ్డీ పట్టుకుని ఆయన. మొహం ఉబ్బి ఉంది. ఒక్కో మెట్టూ ఆగి ఆగి దిగాడు. దయమ్మ పరిగెత్తలేదు, రోజూ లాగే వెళ్ళి చేతిలో సంచీ అందుకుంది.

“రా తమ్ముడా. ఇంకా రెండు సెట్లున్నాయి సెప్పడానికి” అంది.

ఆయన ఏడ్చేశాడు. బస్టాండు మధ్యలో, అంత మనిషి.

నేను ముందుకెళ్ళి చెప్పాల్సింది చెప్పాను. ఆయనెప్పుడూ నన్ను చూడలేదు కదా, నేనెవరో చెప్పి మరీ చెప్పాను. మహాలక్ష్మి నా వైపు చూసిన చూపు నేను మర్చిపోను, మర్చిపోకూడదు కూడా. కూర్మారావు మాత్రం కొంగుతో మొహం తుడుస్తున్న భార్య చెయ్యి తప్పించుకుని, ఆయాసపడుతూ అన్నాడు.

“ఈ దయమ్మప్పేమో తనదే తప్పంతాది. మీరేమో మీదంతారు. తాగినోణ్ణి నానిక్కడున్నాను. నన్నెవులూ అడగరేటి?”

సెంటర్ దాకా నెమ్మదిగా నడిచాం. తూకం చూసి నర్సు వాళ్ళని గట్టిగా కసురుకుంది, ఇంకొక్క రోజు ఆలస్యమైతే ఇటు రానక్కర్లేకపోయేదని. కసురుకుంటూనే మంచం సిద్ధం చేసింది. లోపలికి తీసుకుపోతూ నన్ను చూసి ఆగింది.

“ఈ మేడమ్ ఎవరు? వాళ్ళకేమవుతారు?”

నేను నోరు తెరిచేలోపు దయమ్మే జవాబిచ్చింది.

“కొత్తగా సేరినారండి. నేర్సుకుంతన్నారు.”

“అయితే ఈ సంచీ పట్టుకుని ఆ బల్ల మీద కూర్చోండి. ఆయనకి కనబడేలా కూర్చోండి, మధ్యలో లేచిపోకండి” అంది నర్సు.

కూర్చున్నాను. నాలుగు గంటలు కూర్చున్నాను.